ఉరికేది సరే, ఆగేదెట్ల?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రోడ్ల మీద తెగని కార్ల పంచాయితీ

ఎర్రవల్లి చౌరస్తాలో కాసేపు నిలబడితే మూడు రాష్ట్రాల నంబరు ప్లేట్లు కళ్ల ముందు నుంచే పోతాయి. గద్వాల 33, వనపర్తి 32, నాగర్‌కర్నూల్ 31, ఉమ్మడి పాలమూరు జిల్లా నాటి పాత ఏపీ 22, నది అవతలి కర్నూలు ఏపీ 21, రాయచూరు కేఏ 36. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి నుంచి గద్వాల దారి చీలేది ఇక్కడే. చాయ్ కోసం ఆగిన రెండు బండ్ల వాళ్లకు మాట కలిస్తే మొదటి ప్రశ్న మారదు: "అన్నా, ఎంతిస్తది?" మైలేజీతో మొదలైన ముచ్చట పుల్లింగ్ మీదికి పోతుంది, అక్కడి నుంచి సస్పెన్షన్, రీసేల్. చివరికి "హైదరాబాద్ నుంచి రెండు గంటల్ల దింపిన" అనే దగ్గర ఆగుతుంది.

ఆ చివరి మాటను కొంచెం లెక్క కడదాం. గద్వాల నుంచి హైదరాబాద్ సుమారు 190 కిలోమీటర్లు. రెండు గంటల్లో రావాలంటే సగటు వేగం 95 ఉండాలి. శంషాబాద్ రద్దీ, టోల్‌గేట్లు, ఊళ్ల దగ్గర అడ్డం వచ్చే ట్రాక్టర్లు కలుపుకుంటే మధ్యలో 130 కొట్టకుండా ఆ సగటు రాదు. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. అంటే చాయ్ దగ్గర చెప్పుకున్న గొప్ప సగం అబద్ధం, లేదా పూర్తి నేరం.

అయినా ఈ పంచాయితీని తేలిగ్గా తీసేయలేం. కార్ల గురించి వాదించడానికి ఈ మూడు జిల్లాలకున్న అర్హత హైదరాబాద్‌కు కూడా లేదు. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి మీదుగా హైవే, మన్ననూరు దాటితే నల్లమల, దోమలపెంట తర్వాత కృష్ణ వైపు దిగే ఘాట్, ఐజ, అలంపూర్ దిక్కు నల్లరేగడి మధ్య ఇరుకు రోడ్లు, ఆత్మకూరు నుంచి గద్వాల పోయేవాళ్లకు జూరాల డ్యాం మీది దారి. ఒక్క కారు ఇవన్నీ చూసిందంటే దాని గుణం బయటపడినట్టే. షోరూమ్ కాగితం మీద లేనివి ఇక్కడ తెలుస్తాయి.

పాత తరానికి ఈ ముచ్చట జీపుతో మొదలవుతుంది. తర్వాత సుమో, తుఫాన్, క్వాలిస్, ఇన్నోవా. జాతరకైనా పెళ్లికైనా కూలి పనికైనా ఊరు మొత్తం ఎక్కిన బండి తుఫానే. సొంత కారు అంటే మారుతి 800, 1983 డిసెంబరులో తొలి తాళంచెవి చేతులు మారిన బండి. ఆ తర్వాత వచ్చిన బొలెరోను మాత్రం ఈ నేల దత్తత తీసుకుంది. 2000లో మార్కెట్లోకి వచ్చి, పాతికేళ్లు దాటినా అదే చదరపు మొహంతో తిరుగుతోంది. సీడ్ పత్తి చేలకు, మామిడి తోటలకు, పంచాయతీ ఎన్నికలకు అదే బండి.

కుర్రాళ్లు దాన్ని చూసి నవ్వుతారు. 75 హార్స్‌పవర్ ఒక పవరా, మొన్నటి స్విఫ్ట్ పెట్రోలుకే 90 ఉండేది కదా అంటారు. రైతు ఒప్పుకోడు. "నిండుగ లోడేసి చేన్ల కెళ్లి గట్టు ఎక్కియ్, అప్పుడు మాట్లాడు" అంటాడు. ఇందులో రైతుదే న్యాయం. హార్స్‌పవర్ బండి ఎంత వేగంగా పోగలదో చెబుతుంది, లోడుతో కదిలే శక్తి టార్క్‌లో ఉంటుంది. బొలెరో డీజిల్ ఇంజిన్ 210 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, అదీ 1,600 ఆర్‌పీఎం దగ్గరే. మొన్నటిదాకా వచ్చిన నాలుగు సిలిండర్ల స్విఫ్ట్ పెట్రోలు ఇచ్చేది 113, దానికోసం ఇంజిన్‌ను 4,400 దాకా అరిపించాలి. పుల్లింగ్ అని మెకానిక్‌లు అనేది ఈ తేడానే.

అందుకే డీజిల్ స్విఫ్ట్, డిజైర్‌ల మీద ఇక్కడ ఇంకా మోజు పోలేదు. ఫియట్ నుంచి వచ్చిన ఆ 1.3 లీటర్ల ఇంజిన్‌ను మారుతి, టాటా, షెవర్లే అన్నీ వాడాయి. చిన్న బండిలో 190 న్యూటన్ మీటర్లు ఉండేసరికి నడిపినవాడు మరిచిపోలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్‌ను పూర్తిగా వదిలేసింది. మంచి స్థితిలో ఉన్న డీజిల్ వీడీఐ దొరికితే సెకండ్ హ్యాండ్ బేరం ఇప్పటికీ ఎక్కువసేపు సాగదు.

మైలేజీ వాదన మాత్రం ఎన్నటికీ తెగదు, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు కొలతలు పట్టుకొని కొట్లాడతారు. కంపెనీ చెప్పే అంకె ల్యాబులో రోలర్ల మీద, ఏసీ వేయకుండా, 90 కిలోమీటర్లకు మించని వేగంతో వచ్చింది. మే నెలలో ఏసీ ఫుల్‌గా పెట్టి 110లో కొత్తకోట దాటేవాడికి ఆ అంకె ఎట్లా వస్తుంది? గాలి నిరోధం వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 80లో పోయే బండి 110కి వెళితే గాలిని తోయడానికి పెట్టాల్సిన బలం దాదాపు రెట్టింపు. నిజం తెలుసుకోవాలంటే ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, ఆటో కట్ దాకా ట్యాంకు నింపి, నడిపి, మళ్లీ అక్కడే అదే తీరుగా నింపి లెక్కేయాలి. డాష్‌బోర్డు మీద కనిపించే అంకె కాస్త తీపిగానే ఉంటుంది.

ఇప్పుడు దీనికి ఇథనాల్ తోడైంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. లీటరుకు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం భ్రమ కాదు, రసాయన శాస్త్రం. ఎంత తగ్గుతుందన్నది ఇంజిన్‌ను దేనికోసం తయారు చేశారన్న దాని మీద ఉంటుంది. పాత బండికి రబ్బరు పైపులు, సీళ్ల భయం వేరే. కానీ గద్వాల వాళ్లకు ఇది ట్యాంకు దగ్గర ఆగే ముచ్చట కాదు. 2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు, అరెస్టుల దాకా పోయింది. మన నీళ్లు, మన గాలి ఏమవుతాయన్నది వాళ్ల ప్రశ్న. మైలేజీ రెండు కిలోమీటర్లు పడిపోయిందని గొణిగే కారు యజమాని, ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చున్న రైతు ఒకే జిల్లా మనుషులు. చాలాసార్లు ఒకే ఇంటి మనుషులు.

డిజైన్ సంగతికొస్తే నా ఓటు కుర్రాళ్లకు పడదు. పాలమూరు ఎండలో సన్‌రూఫ్ దేనికి? ఏప్రిల్ నుంచి జూన్ దాకా దానికి కప్పిన తెర తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. పెళ్లి ఊరేగింపులో పిల్లలు అందులోంచి తల బయట పెట్టడం తప్ప దాని ఉపయోగం నేను చూడలేదు, అది కూడా ప్రమాదమే. మెరిసే నల్ల ప్లాస్టిక్ డాష్‌బోర్డు ఒక్క వారంలో దుమ్ము పట్టి గీతలు పడుతుంది. ఏసీ, ఫ్యాను అన్నీ టచ్ స్క్రీన్‌లోకి నెట్టేశారు, గుంతల రోడ్డు మీద వేలు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. ఐరోపాలో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి హారన్, ఇండికేటర్, వైపర్ల వంటి వాటికి చేతికి తగిలే మీటలు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. మన షోరూముల్లో మాత్రం స్క్రీన్ ఎన్ని అంగుళాలన్నదే ఇంకా గొప్ప.

బండి వెనక భాగం కత్తిరించినట్టు ఎందుకుందని అడిగేవాళ్లకు జవాబు పన్నులో ఉంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు సుంకం తగ్గించారు. మొదటి డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు. 2012లో అదే బండి డిక్కీ కోసుకొని 3,995కి కుదించుకుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు కూడా ఆ గీత చెరిగిపోలేదు. నాలుగు మీటర్ల లోపు, చిన్న ఇంజిన్ ఉంటే 18 శాతం, దాటితే 40.

ఊరి రోడ్డు మీద అసలు పరీక్ష స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం అది పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అట్లా ఉంటే 163 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న డిజైర్ కూడా సుఖంగా దాటుతుంది. మన ఊళ్లలో మాత్రం ప్రమాదం జరిగిన మర్నాడు నాలుగు తట్టల కాంక్రీటు పోసి గోడ కట్టేస్తారు. ఐదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేసుకుంటే బండి కిందికి దిగుతుంది, ఇంజిన్ కింది ఆయిల్ చాంబర్ తగులుతుంది. ఆయిల్ కారిపోయినా చూసుకోకుండా నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. వానాకాలం నల్లరేగడి, కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. 208 మిల్లీమీటర్ల నెక్సాన్ అమ్ముడుపోవడానికి ప్రకటనల కంటే ఈ రోడ్లే ఎక్కువ సాయం చేశాయి.

నాగర్‌కర్నూల్ వాళ్లతో వాదనకు దిగితే శ్రీశైలం ఘాట్ రాక తప్పదు. అమ్రాబాద్ అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా రాకపోకలు బంద్, కాబట్టి చెక్‌పోస్టు మూసేలోగా చేరాలన్న తొందర ఒకటి. ఎక్కేటప్పుడు ఎవరి బండి బాగా లాగిందో అందరూ చెబుతారు. దిగేటప్పటి సంగతి అడిగితే కొందరు గర్వంగా "న్యూట్రల్‌ల దించుత, ఆయిల్ మిగుల్తది" అంటారు. మిగలదు. నేటి ఇంజిన్లు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజిన్ బతికి ఉండడానికి తాగుతూ ఉంటుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది, డిస్కులు కాలతాయి, ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది. డాట్-3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత 205 డిగ్రీలు. గాలిలో తేమ పీల్చుకున్నాక అది 140కి పడిపోతుంది. ఆయిల్ మరిగి బుడగలు వస్తే పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది, బండి ఆగదు. ఎక్కిన గేర్‌లోనే దిగు అని పాత లారీ డ్రైవర్లు చెప్పింది ఈ లెక్కలు తెలియకుండానే. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించమని మెకానిక్ అంటే అది బిల్లు పెంచే ఎత్తు కాదు.

ఈ పంచాయితీలో నాకు లోటు కనిపించేది ఇక్కడే. బండి ఎట్లా ఉరుకుతుందో గంటసేపు మాట్లాడతాం, ఎట్లా ఆగుతుందో ఒక్కమాట రాదు. 100లో పోయే కారు సెకనుకు 28 మీటర్లు కదులుతుంది. అడ్డం చూసి కాలు బ్రేకు మీదికి వచ్చేలోగానే ఆ 28 పోతాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఇంకో 45. మొత్తం 70 మీటర్ల పైమాట. 130లో అదే 110 దాటుతుంది. పెబ్బేరు దగ్గర రాంగ్ రూట్‌లో బైకు ఎదురొస్తే మనకు దొరికే దూరం ఎంతో ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకు తెలుసు.

కొత్తకోట మండలం పాలెం పేరు చెబితే ఇంకేమీ చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. 45 మంది సజీవదహనమయ్యారు. ఖరీదైన బండి, పేరున్న ఇంజిన్, మెత్తటి సస్పెన్షన్. అవేవీ ఆ తలుపులు తెరవలేదు.

గట్టి రేకు ఉంటే భయం లేదన్నది మరో నమ్మకం. 2024 ఏప్రిల్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో బొలెరో నియోకు వచ్చింది ఒక్క స్టార్. దృఢమైన చాసిస్ మీద కట్టిన బండే అది. అదే ఏడాది నవంబరులో, డబ్బా అని అందరూ వెక్కిరించే మారుతి నుంచి వచ్చిన కొత్త డిజైర్‌కు ఐదు స్టార్లు వచ్చాయి. ముందు భాగం నలిగి దెబ్బను తాగాలి, మనుషులు కూర్చునే గది నలగకూడదు. బానెట్ మీద తట్టి చప్పుడు వింటే ఇది తెలియదు. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ ఉంది, ఫలితాలు అందరికీ తెరిచే ఉన్నాయి. కొనేవాడు అడగకపోతే అమ్మేవాడు చెప్పడు.

ఎలక్ట్రిక్ కార్ల గురించి ఒక్క ముక్క. 2026 డిసెంబరు 31 దాకా తెలంగాణలో వాటికి రోడ్ ట్యాక్స్ లేదు, రోజూ వనపర్తి, పెబ్బేరు మధ్య తిరిగే మనిషికి లాభమే. రెండో బండి లేని ఇంటికి ఇప్పుడే సలహా ఇవ్వను.

కొత్త కారు కొనబోయేవాళ్లకు నా మనవి రెండే. టెస్ట్ డ్రైవ్‌లో పాటల సిస్టమ్ వినడం ఆపి, ఖాళీ రోడ్డు చూసుకొని, పక్కనున్న సేల్స్ అబ్బాయికి ముందే చెప్పి, 60లో ఒకసారి గట్టిగా బ్రేకు తొక్కండి. బండి పక్కకు లాగిందా, తిన్నగా ఆగిందా చూడండి. రెండోది, కారు ఇంటికొచ్చిన వారంలోనే వేయించే సీటు కవర్ల గురించి. వాటి కింద వెనక సీటు బెల్టు బకిల్స్ మాయమవుతాయి, మళ్లీ ఎవరూ వెతకరు. బీచుపల్లి ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించాక ఆ కవర్ కాస్త కోయించి, బకిల్స్ బయటికి లాగించండి. వెనక కూర్చున్నవాళ్లకూ బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే జరిమానా వెయ్యి రూపాయలు.