రక్తంలో పుట్టే రాళ్ళు

పిత్తాశయంలో రాళ్ళు అనగానే వైద్య విద్యార్థికి స్ఫురించేది నలభై దాటిన స్థూలకాయురాలు. ఆంగ్ల పాఠ్యగ్రంథాలు తరతరాలుగా చిత్రించిన రూపమది. బస్తర్ అడవులలో ఆ చిత్రాన్ని నమ్ముకొన్న వైద్యుడు పొరబడవచ్చు. అక్కడ కడుపునొప్పితో మెలికలు తిరిగే రోగి పదిహేనేళ్ళ బక్కపలుచని బాలుడైనా కావచ్చు.

మూలం రక్తంలోనే ఉంది. మధ్యభారతపు గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి వంశపారంపర్యంగా వస్తోంది; బస్తర్ ఇందుకు మినహాయింపు కాదు. ఆరోగ్యవంతుని ఎర్రకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. కొడవలివలె వంగిన కణం 10, 20 రోజులకే చితికిపోతుంది. అలా నశించిన కణాలనుండి పుట్టే బిలిరుబిన్ అనే పసుపు వర్ణకం పైత్యరసంలో మోతాదు మించి, కాల్షియంతో కూడి, నల్లని రాళ్ళుగా గడ్డకడుతుంది. నేయి ముఖమెరుగని వారికీ ఈ రాళ్ళు తప్పవు. కొలెస్టరాల్ రాళ్ళను కరిగించే మాత్రలు వీటిమీద పనిచేయవు.

రోగనిర్ణయంలోనే అసలు చిక్కు. ఈ రోగులకు నొప్పి కొత్త కాదు. వంగిన కణాలు సన్నని రక్తనాళాలలో అడ్డుపడినప్పుడల్లా ఒళ్ళూ, ఎముకలూ, ఒక్కొక్కసారి కడుపూ బాధిస్తాయి. కళ్ళలో పచ్చదనమూ తరచు ఉండేదే. అందుచేత రాయి అడ్డుపడి పిత్తాశయం వాచినా, “ఎప్పుడూ వచ్చే నొప్పే కదా” అని ఇంటివారు, అప్పుడప్పుడు వైద్యులు కూడా, సరిపెట్టుకొంటారు. కుడి ప్రక్కటెముకల క్రింద వ్రేళ్ళతో అదిమి, గట్టిగా ఊపిరి పీల్చమన్నప్పుడు రోగి బాధతో చటుక్కున ఆగిపోతే అనుమానించవలసిందే. చికాగో శస్త్రవైద్యుడు జాన్ మర్ఫీ పేర నిలిచిన ఈ పరీక్షకు పరికరమేదీ అక్కరలేదు. ఆపైన ఖాళీ కడుపుతో చేసే అల్ట్రాసౌండ్ రాళ్ళనూ, దళసరెక్కిన పిత్తాశయపు గోడనూ చూపుతుంది. జ్వరం, చలి, హెచ్చిన కామెర్లు కలిసి వస్తే రాయి పైత్యనాళంలోకి జారి ఉండవచ్చు. అప్పుడిక జాప్యం ప్రాణాంతకం.

పిత్తాశయాన్ని తొలగించే శస్త్రచికిత్సను 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుఖ్ మొదట చేశాడు. 1985లో ఎరిక్ మ్యూహె దానిని చిన్న గాట్లద్వారా చేసి చూపితే, తోటి జర్మన్ వైద్యులు పెదవి విరిచారు! నేడు అదే సర్వసాధారణం. సికిల్ సెల్ రోగికి మాత్రం మత్తుమందు ఇచ్చే ముందే జాగ్రత్తలు మొదలుకావాలి: శరీరంలో నీరు తగ్గరాదు, చలి తగలరాదు, ప్రాణవాయువు కొరవడరాదు, పలువురికి ముందుగా రక్తమెక్కించాలి. లేకుంటే కణాలు శస్త్రచికిత్స బల్లమీదనే వంగిపోతాయి.

గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ళలోపువారికి రక్తపరీక్షలు జరిపే జాతీయ పథకం 2023 జూలై 1న ఆరంభమైంది. శబరి ఒడ్డున కోంటనుండి జగదల్‌పూర్ ఆసుపత్రికి చేరిన బాలుని వద్ద ఆ పరీక్షా ఫలితమున్న కార్డు ఉంటే, వైద్యుడు వయస్సు చూసి రాళ్ళ అనుమానాన్ని త్రోసిపుచ్చడు.