అందరం ఒకేసారి తినే దిబ్బరొట్టి

ఆదివారం వస్తోందంటే ఇంట్లో అందరికీ సంతోషమే, ఒక్క మనకి తప్ప. మిగతా రోజుల్లో ఇంత ఉప్మా కలియబెట్టి డబ్బాల్లో సర్దేస్తాం. ఆదివారం అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి దోసెలు కావాలంటారు. ఒకరికి ఉల్లిపాయలు చల్లి, ఒకరికి పల్చగా కరకరలాడుతూ, ఇంకొకరికి నెయ్యి వేసి. పెనం దగ్గర గంటన్నర నిలబడితే ఆఖరి దోసె మన కంచంలోకి వచ్చేసరికి పదకొండవుతుంది. అప్పటికి పచ్చడి గిన్నె ఊడ్చేసి ఉంటుంది. "నాకంత ఆకలిగా లేదులే" అంటూ ఆ ఒక్క దోసె నిలబడే తిని, కాఫీ తాగేసి వంట మొదలుపెడతాం. అవునా, కాదా?

నేనూ ఇరవై ఏళ్లు అలాగే చేశాను. 2022లో తరచూ కళ్లు తిరుగుతున్నాయని డాక్టరమ్మ దగ్గరికి వెళితే, రక్తపరీక్ష చేయించి హిమోగ్లోబిన్ 8 ఉందన్నారు. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలిట. మాత్రలు రాస్తూ "పొద్దున్న ఎన్నింటికి తింటారు?" అని అడిగారు. "అందరివీ అయ్యాక" అన్నాను. ఆవిడ రాయడం ఆపి "అంటే ఎన్నింటికి?" అన్నారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఐరన్ మాత్ర కాఫీ, టీలతో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదని కూడా చెప్పారు. మరి పొద్దున్నపూట నా తిండి ఆ కాఫీ ఒక్కటే!

ఇంటికొచ్చి ఆలోచిస్తూ ఉంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా పుట్టిల్లు కోనసీమ. అమ్మ కూడా అందరూ తిన్నాకే తినేది. మినపరొట్టి వేసిన రోజు మాత్రం మాతోపాటే పీట వాల్చుకుని కూర్చునేది. ఎందుకంటే ఆ రోజు ఇక వేయాల్సిందీ, తిప్పాల్సిందీ ఏమీ ఉండదు. బొగ్గుల కుంపటి మీద కళాయి పూసిన ఇత్తడి గిన్నె పెట్టి, నూనె వేసి, పిండి మందంగా పోసి, పైన పళ్లెం మూసి, ఆ పళ్లెం మీద కూడా నాలుగు నిప్పులు వేసేది. కిందా నిప్పే, పైనా నిప్పే. ఇప్పటి ఓవెన్ చేసే పని కూడా అదే కదా! అది కాలుతున్నంతసేపూ మా జడలు వేసేది, పెరట్లో పనులు చూసుకునేది. రొట్టి దించి ముక్కలు కోసి, అందరి కంచాల్లోనూ ఒక్కసారే పెట్టేది. తన కంచంలో కూడా.

సరే, నేనూ వేద్దామనుకున్నాను. తీరా మొదటిసారి వేసింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పల్చటి నాన్‌స్టిక్ పెనంలో పోసి, ఆలస్యమవుతోందని మంట పెంచాను. అడుగు నల్లగా మాడింది, మధ్యలో పచ్చిపిండి. మావారు ఏమీ అనకుండా చుట్టూ ఉన్న అంచు తిని లేచారు. మా చిన్నవాడు "అమ్మా, దోసెలే బాగుంటాయి" అనేశాడు.

నా అవస్థ చూసి మార్గం చెప్పింది పక్కింటి ఆవిడ. వాళ్లది వరంగల్ వైపు. సర్వపిండి చేయడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె లోపల చుట్టూ ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె చుక్కలు వేసి కాలుస్తారు. "వదినా, గిన్నె బరువుండాలె, మంట సన్నగుండాలె. పెట్టినంక దాని మొఖం చూడొద్దు, ఊకె మూత తీయొద్దు" అంది. అంతే, నా రొట్టి బాగుపడింది. చిల్లుల కిటుకు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఇక చేసే విధానం. అయిదుగురికి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ, రెండు చెంచాల జీలకర్ర, రుచికి ఉప్పు, నాలుగైదు పెద్ద చెంచాల నూనె చాలు. పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు వీలైనంత తక్కువ పోస్తూ గారెల పిండికన్నా కాస్త జారుగా, మెత్తగా రుబ్బుకోవాలి. గ్రైండరు ఉంటే మంచిదే, మిక్సీ అయితే మధ్య మధ్య ఆపుతూ వేడెక్కకుండా చూసుకోండి. రవ్వ రెండుసార్లు కడిగి ఓ గంట నానాక గట్టిగా పిండి, పప్పులో కలపాలి. పిండి గరిటెతో ఎత్తితే ముద్దగా జారాలి, దోసెల పిండిలా ధారగా పడకూడదు. పల్చనైతే రొట్టి లోపల జిగటగా ఉండిపోతుంది. అలా అయిపోతే కంగారు పడక, గుప్పెడు బొంబాయిరవ్వ కలిపి పది నిమిషాలు ఆగండి.

పిండి పులియాలా వద్దా అని చాలామంది అడుగుతారు. పులిస్తే గుల్లగా వస్తుంది, నిజమే. కానీ నా మటుకు నాకు పులవని పిండే ఇష్టం. పైన పెచ్చు కరకరలాడుతూ, లోపల మినప్పప్పు కమ్మదనం తెలుస్తుంది. అందుకే శనివారం రాత్రి రుబ్బి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. పొద్దున్నే తీసి అరగంట బయట ఉంచితే చాలు. ఉప్పు, జీలకర్ర అప్పుడే కలపండి.

అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడు అన్నిటికన్నా మంచిది. నూనె బాగా కాగాక పిండి పోయాలి. పిండి పడగానే చుట్టూ బుసబుసమని పొంగాలి, అప్పుడే అంటుకోకుండా వస్తుంది. అంగుళంన్నర మందాన సర్ది, బరువైన మూత పెట్టి, మంట పూర్తిగా తగ్గించేయండి. పావుగంటకి పైన కాస్త గట్టిపడుతుంది. అప్పుడు గరిటె కాడతో మూడు నాలుగు చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో అరచెంచా నూనె వేసి మళ్లీ మూయండి. ఇంకో పది నిమిషాలకి అంచులు ఎర్రబడి మూకుడు వదిలేస్తాయి. పైన పళ్లెం బోర్లించి ఒక్క ఊపున తిప్పి, రెండోవైపు మళ్లీ మూకుట్లోకి జార్చాలి. అట్లకాడతో తిప్పబోతే ముక్కలవుతుంది, నేను చేసి చూశాను. రెండోవైపు పది, పన్నెండు నిమిషాలు. చాకు గుచ్చి తీస్తే పిండి అంటకూడదు.

ఓవెన్ ఉన్నవాళ్లకి తిప్పే పనే లేదు. మూకుడికి చెక్క పిడి, ప్లాస్టిక్ పిడి లేకుండా చూసుకుని, నూనెతో సహా 200 డిగ్రీల్లో పది నిమిషాలు వేడిచేయండి. తర్వాత పిండి పోసి, పైనా కిందా కడ్డీలు రెండూ వేసి, 180 డిగ్రీల్లో నలభై నిమిషాలు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు ఇలాగే చేస్తుంది. అక్కడివాళ్లు కూడా రాత్రే బ్రెడ్డు ముక్కలు పరిచి, గుడ్లు, పాలు గిలక్కొట్టి పోసి, చీజ్ చల్లి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న ఓవెన్లోకి తోస్తారట. క్రిస్మస్ రోజు చాలా ఇళ్లలో అదే టిఫినట. దాన్ని క్యాసరోల్ అంటారని చెప్తే నాకు నవ్వొచ్చింది. మనకి క్యాసరోల్ అంటే చపాతీలు వేడిగా ఉంచే డబ్బా కదా!

నంజుకోవడానికి మా వైపు చెరుకు పానకం. అది దొరక్కపోతే బెల్లం కాస్త నీళ్లలో కరిగించి, వడకట్టి, తీగ రాకముందే దించి ఏలక్కాయ వేయండి. తేనె అయినా సరే. కారం కావాలనేవాళ్లకి అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి, లేదా కొత్తావకాయ. మావారికి సుగరుంది కాబట్టి ఆయనకి పానకం లేదు, అల్లం పచ్చడిలో బెల్లం కూడా వేయను. ఆయన భాగం చిన్న ముక్కే. దాంతోపాటు ఓ కప్పు కీరా, టమాటా ముక్కలు పెడతాను. నూరు గ్రాముల మినప్పప్పులో ఇంచుమించు 23, 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఒక్క ముక్క తిన్నా మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

మా అత్తయ్యగారితోనే కొంచెం కష్టమైంది. మొదట్లో రొట్టి బల్ల మీద పెట్టి నేనూ కూర్చోబోతే, "వాళ్లు తినకుండానే మనం కూర్చుంటామా అమ్మాయ్?" అన్నారు. ఆవిడకి డెబ్బై రెండేళ్లు. యాభై ఏళ్లుగా ఆఖర్న తిన్న మనిషి. ఎదురు చెప్పలేక నేను లేచాను. రెండు వారాలు అలాగే గడిచింది. మూడో ఆదివారం మావారు ఇంకో కుర్చీ తెచ్చి వేసి "అమ్మా, నువ్వు కూర్చుంటేగానీ కోయనివ్వను. చల్లారితే నీదే పూచీ" అన్నారు. ఆవిడ గొణుక్కుంటూనే కూర్చున్నారు. మొదటి ముక్క తిని, "మా అమ్మ ఊకపొయ్యి మీద వేసేది. ఇంకాస్త ఎర్రగా కాలాలి" అన్నారు. అంతే, తర్వాతి వారం నుంచి మంట దగ్గర కాపలా ఆవిడదే!

నా హిమోగ్లోబిన్ ఇప్పుడు 11 దాటింది. అది మాత్రల వల్లే, రొట్టి వల్ల అని చెప్పను. కాకపోతే మాత్ర వేళకి వేసుకోవడమూ, కడుపులో ఏదో ఒకటి పడ్డాకే కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టడమూ ఆదివారాలతోనే మొదలయ్యాయి. మిగతా రోజుల్లో కూడా ఇడ్లీ రెండు వాయిలు దించాక కూర్చుంటున్నాను.

మిగిలిపోయిన రొట్టిని సాయంత్రం వేలెడు ముక్కలుగా కోసి, పెనం మీద నెయ్యి వేసి వేయించండి, పిల్లలు కాఫీ పలుకుల్లా తినేస్తారు. అంచు ముక్కలు మాత్రం కోసేటప్పుడే సమానంగా పంచండి. మా ఇంట్లో వాటికోసం అత్తయ్యగారికీ, మా చిన్నవాడికీ ప్రతి ఆదివారం తగువే.