వరవిక్రయమున కమల వాదము

కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ను వరకట్న దూషణముగా మాత్రమే పఠించుట పరిపాటియైనది. కాని యందలి సంఘవిమర్శ పాత్రల నడవడియందే యున్నది. పురుషోత్తమరావు కట్నమును నిరసించినవాడే. ఈడువచ్చిన కుమార్తెలకు తండ్రియగుటచే లోకమునకు వెఱచి, తుదకు దానికే లోబడెను. సంస్కర్తకును గృహస్థునకును నడుమ జరిగిన యీ పోరే యాతని పాత్రకు జీవము.

పెద్దకుమార్తె కాళింది యీ బేరమును సహింపక ప్రాణత్యాగము చేసెను. ఆ మరణము ప్రేక్షకుల హృదయమును ద్రవింపజేయునేగాని లింగరాజు లోభమును కరగింపజాలదు. చెల్లెలు కమల మార్గము వేఱు. ఆమె వివాహమాడియు అత్తవారింటికి పోనొల్లదు. ధనమిచ్చి కొన్న వరుడు కొన్నవారి సొత్తేయని వాదించును. నాటకనామమునందలి ‘విక్రయ’ శబ్దమును ఆమె వాచ్యార్థముననే గ్రహించినది. అమ్మినవాని న్యాయముతోనే అమ్మినవానిని బంధించినది.

1961లో వరకట్న నిషేధచట్టము వచ్చినను కట్నము రూపుమాయలేదు. కావున కాళింది కన్నీటికంటె కమల తర్కమునే విద్యార్థులు ముందుగా పరిశీలింపవలెను.