పొగ పోవలెను, వెచ్చదనము నిలువవలెను

గత సంవత్సరము జనవరి మాసమున మేము విహారయాత్రకై ఉదకమండలమునకు పోయితిమి. సముద్రమట్టమునకు 2,200 మీటర్లకు పైబడిన యెత్తుననున్న ఆ యూరిలో జనవరి రాత్రులు మనవంటి దిగువప్రాంతముల వారికి దుస్సహములు. తెల్లవారుజామున పచ్చికబయళ్లపై మంచు గడ్డకట్టి ఉప్పు చల్లినట్లు కనబడును. మేము బస చేసినది ఒక పాతకాలపు బంగళా. దాని నడిమి గదిలో గోడయందొక పెద్ద గూడును, ఆ గూటినుండి ఇంటికప్పును దాటిపోయిన పొగగొట్టమును గలవు. దీనిని ఇంగ్లీషువారు ఫైర్‌ప్లేసు అందురు. మనము నిప్పుగూడు అనుకొందము.

బంగళా కావలి కాయు ముసలివాడు సాయంకాలము కట్టెలు పేర్చి నిప్పు రాజవేసెను. మేమందఱము దాని చుట్టు మూగితిమి. కొంతసేపటికి ముఖములు మాడిపోవునట్లుండెను గాని వీపులు మాత్రము వణకుచునే యుండెను. వీపు త్రిప్పి కూర్చుండినచో ముఖము చల్లబడుచుండెను. ఇంత మంట మండుచున్నను గది యేల వేడెక్కలేదో మాకు తోచలేదు.

రాత్రి పడుకొనబోవునపుడు మాలో కొందఱు ఒక ఇనుపమూకుడు సంపాదించి, ఎఱ్ఱని నిప్పులు దానిలోనికెత్తి, పడకగదిలో పెట్టుకొని తలుపులు బిగించుకొందమనుకొనిరి. ముసలివాడు అడ్డు వచ్చెను. "తాతా, తాతా" యని ఎంత బ్రతిమాలినను వినలేదు. తాత యను మాట తెలుగునను తమిళమునను ఒకటే గనుక మా ప్రార్థన అతనికి అర్థము కాకపోలేదు. నిప్పులపై నీళ్లు చల్లి, మూకుడు తీసికొని వెడలిపోయెను. నిప్పులకు గూడ పిసినారితనమా యని ఆ రాత్రి దుప్పట్లలో ముడుచుకొని అతనిని తిట్టుకొంటిమి.

తిరిగి వచ్చిన పిదప సైన్సు మాస్టరుగారి నడిగియు, గ్రంథాలయమున చదివియు తెలిసికొన్న సంగతులను ఇట వ్రాయుచున్నాము. వీపు చలికిని, ముసలివాని పట్టుదలకును కారణము ఒక్క చోటనే యున్నదని మాకు తెలిసినది. అగ్ని మనకు రెండు వస్తువులను కలిపి యిచ్చును. ఒకటి వెచ్చదనము, రెండవది పొగ. మొదటిది ఇంటిలో నిలువవలెను, రెండవది బయటికి పోవలెను. ఈ రెండింటిని వేఱుచేయుటయే చలిదేశముల వారు వందల యేండ్లుగా చేయుచు వచ్చిన ప్రయత్నము.

ముందుగా కట్టె యెట్లు మండునో తెలిసికొనవలెను. చూచుటకు కట్టెయే మండుచున్నట్లుండును గాని యథార్థము వేఱు. నిప్పు తగులగానే మొదట కట్టెలోని నీరు ఆవిరియై పోవును. తరువాత వేడిమిచే కట్టె విచ్ఛిన్నమై అనేక వాయువులు వెలువడును. ఈ వాయువులు గాలితో కలిసి మండుటయే మనకు కనబడు మంట. ఎండినకట్టె బరువులో సుమారు మూడువంతులకు పైగా ఇట్లు వాయురూపమున పోవును. మిగిలినది బొగ్గు. అది మంటలేక ఎఱ్ఱగా రాజుచు, కడకు బూడిదయగును. వాయువులు పూర్తిగా మండుటకు చాలినంత గాలియు, సుమారు 600 డిగ్రీల వేడిమియు కావలెను. ఈ రెండింటిలో ఏది తక్కువైనను అవి మండక పొగగా మాఱును. కనుక పొగయనగా సగము కాలిన వంటచెఱకే. మనము కొన్న కట్టెలే మన కండ్లయెదుట ఎగిరిపోవుచున్నవన్నమాట.

పచ్చికట్టె పొగచూరుటకును కారణమిదియే. అప్పుడు నఱికిన చెట్టు బరువులో సుమారు సగము నీరుండును. ఒక కిలోగ్రాము నీటిని 100 డిగ్రీలయొద్ద ఆవిరిగా మార్చుటకు 540 కిలోకాలరీల వేడిమి వ్యయమగును. ఈ వ్యయముకంటెను పెద్ద నష్టము మఱియొకటి గలదు. ఆవిరి మంటను చల్లార్చుటచే వాయువులు అంటుకొనకయే పోవును. కావుననే చలిదేశములవారు కట్టెలను చీల్చి, గాలి తగులునట్లు పేర్చి, ఒకటి రెండేండ్లు ఎండనిచ్చి గాని వాడరు. మన పెద్దలు వానకాలమునకు ముందే కట్టెలు చీల్చి అటకపై చేర్చుటలోని విజ్ఞతయు ఇదియే.

ఇక వీపు చలి సంగతి. వేడిమి మూడు విధముల ప్రయాణము చేయునని మనము పాఠములలో చదివియున్నాము. ఇనుపగరిటె కాడ కాలుట వహనము. వేడెక్కిన గాలి పైకి లేచి, చల్లని గాలి దాని చోటికి వచ్చుట సంవహనము. ఎండవలె కిరణరూపమున తిన్నగా వచ్చి తాకుట వికిరణము. నిప్పుగూటినుండి మనకు చేరునది ముఖ్యముగా ఈ మూడవ విధమైన వేడిమియే. కిరణములు తిన్నగా పోవును గాని మనలను చుట్టివచ్చి వీపును తాకవు గదా!

అంతటితో పోలేదు. పొగగొట్టములోని వేడిగాలి తేలికయై పైకి పోవుచుండగా, గదిలోని గాలి దాని వెంట గూటిలోనికి లాగబడును. అట్లు పోయిన గాలికి బదులుగా తలుపుల సందులనుండియు కిటికీల నెఱ్ఱెలనుండియు బయటి చలిగాలి చొరబడును. మంట పెద్దదియైనకొలది ఈ యీడ్పు హెచ్చును. మా వీపులకు తగిలినది ఆ గాలియే! మంట గదిని వెచ్చచేయుచున్నట్లు కనబడుచు, గదిలోని వెచ్చని గాలిని ఆకాశమునకు పంపుచుండెను. ఇట్టి తెఱపి నిప్పుగూటివలన కట్టెలోని వేడిమిలో నూటికి 10, 15 పాళ్లు మాత్రమే గదికి దక్కునని చెప్పుదురు.

ఈ నష్టమును జూచి ఊరకుండలేకపోయిన వారిలో అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. మెఱుపులో విద్యుత్తున్నదని చూపిన మహనీయుడే ఈయన. 1740 ప్రాంతముల ఫిలడెల్ఫియాలో ఈయన ఇనుపరేకులతో ఒక పొయ్యిని కల్పించి, 1744లో దానిని గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. పొగ తిన్నగా పైకి పోక, ఒక పలకపైనుండి క్రిందికి దిగి, పిమ్మట గొట్టము చేరునట్లు అమర్చెను. ఆ దారిలో పొగలోని వేడిమిని ఇనుము గ్రహించి గదికిచ్చునని ఆయన తలంపు. గవర్నరు దీనిపై సర్వహక్కులును ఇచ్చెదమనగా, ఇతరుల కల్పనలవలన మనము సుఖపడుచున్నట్లే మన కల్పన వలన ఇతరులు సుఖపడవలెనని చెప్పి ఆయన నిరాకరించెను. అయితే పొగ క్రిందికి దిగుటకిష్టపడునా? గొట్టము బాగుగ వేడెక్కినగాని అది పనిచేయలేదు. పిదప డేవిడ్ రిటెన్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు దారిని సరళము చేసి ఆ లోపమును దిద్దెను.

రమ్‌ఫర్డ్ ప్రభువు మఱియొక మార్గమున పోయెను. ఫిరంగి గొట్టములను తొలుచునపుడు పుట్టు వేడిమిని పరిశీలించి, వేడిమియనునది ఒక ద్రవ్యము కాదు, చలనమేయని 1798లో వాదించినవాడితడు. నిప్పుగూళ్లను గూర్చి 1796లో వ్రాసిన వ్యాసమున ఇతడు గూటి లోతును తగ్గించి, ప్రక్కగోడలను ఏటవాలుగా కట్టుమని చెప్పెను. అందుచే కిరణములు గోడలకు తగిలి గదివైపు మఱలును. పొగ పోవు గొంతును నాలుగంగుళములకు కుదింపుమనెను. పొగ పోవుటకు అది చాలును. గది గాలి వృథాగా పోవుట తగ్గును. లండనులో అనేకులు తమ గూళ్లను ఈ విధముగ మార్చుకొనిరి.

స్వీడను దేశమున వంటచెఱకు కొఱత కలుగగా, 1767లో క్రోన్‌స్టెట్, వ్రేడె యనువారు ఇటుకలతో నిలువెత్తు పొయ్యి నొకదానిని కల్పించిరి. దానిలో పొగ క్రిందికిని మీదికిని మెలికలు తిరిగి పోవును. ఇటుకలు ఆ వేడిమిని త్రాగి, మంట ఆరిన పిదపను గంటల తరబడి మెల్లగా గదికిచ్చుచుండును. పగలంతయు ఎండ తాకిన రాతియరుగు ప్రొద్దుగ్రుంకిన తరువాతను వెచ్చగానుండుట మనమెఱిగినదే. కొరియా దేశమువారైతే పొయ్యి పొగను నేలరాళ్ల క్రిందనుండి నడిపించి, ఆ వెచ్చని నేలపైననే పడుకొనుట ప్రాచీనకాలమునుండి చేయుచు వచ్చిరి. దేశములు వేఱైనను ఆలోచన ఒక్కటే: పొగను వదలుటకు ముందు దాని వేడిమిని పుచ్చుకొనవలెను.

మన దేశమున కాశ్మీరమునందు బుఖారీ యను ఇనుపపొయ్యి వాడుదురు. దాని మంట నలుప్రక్కల మూసియుండును. పొగ రేకుగొట్టము ద్వారా బయటికి పోవును. మంట మూసియున్నందున గది గాలి వృథాగా లాగబడదు. ఈ కాలపు మేలైన కట్టెపొయ్యిలలో మంటకు పైభాగమున వేడెక్కిన గాలిని మఱల చొప్పించి, మిగిలిన వాయువులను గూడ మండించుదురు. వానివలన నూటికి 70 పాళ్లకు మించి వేడిమి దక్కును. పొగయు తగ్గును. అమెరికాలో 1988 నుండి క్రొత్త కట్టెపొయ్యిలు వదలు పొగకు చట్టము ద్వారా హద్దులేర్పఱచిరి.

పొగ ఇంటినుండి పోయినంత మాత్రమున పని తీరినదా? లేదు. 1952 డిసెంబరు 5 మొదలు 9వ తేదీ వఱకు లండను నగరముపై మంచు కదలక నిలిచిపోగా, ఇండ్లలోని నిప్పుగూళ్లనుండియు కర్మాగారములనుండియు వెలువడిన రాక్షసిబొగ్గు పొగ ఆ మంచులో చిక్కుకొనెను. ఆ యుపద్రవమువలన సుమారు 4,000 మంది మరణించిరని నాడు లెక్కించిరి. ఆ సంఖ్య 12,000 వఱకు నుండవచ్చునని తరువాతి పరిశోధకులు తేల్చిరి. 1956లో పొగను అదుపుచేయుటకై అచట చట్టము వచ్చెను. ఒక్కొక్క ఇల్లు తన పొగను బయటికి పంపి నిశ్చింతగా నుండగా, అందఱి పొగయు కలిసి అందఱి ఇండ్లకును తిరిగి వచ్చెనన్నమాట.

ఇప్పుడు మా మూకుడు సంగతికి వత్తము. ఎఱ్ఱని నిప్పులలో మంటలేదు, పొగలేదు. కావున అపాయమును లేదని మేమనుకొంటిమి. మా పొరపాటు అచటనే యున్నది. బొగ్గునకు చాలినంత గాలి తగిలినపుడు కార్బన్ డయాక్సైడు పుట్టును. గాలి చాలనిచోట కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. కండ్లు మండవు, దగ్గు రాదు. మన నెత్తురులోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన ఆకర్షణతో ఈ వాయువును పట్టుకొనును. ఇక ప్రాణవాయువునకు చోటుండదు. మొదట తలనొప్పి, తరువాత తలతిరుగుడు, వికారము, మగత. మేలుకొనియున్నవాడు బయటికి పోగలడు. నిద్రించువాడు నిద్రలోనే పోవును. ఉత్తరదేశమున మూసిన గదులలో బొగ్గుల అంగీఠీ పెట్టుకొని నిద్రించి, కుటుంబములకు కుటుంబములే మరణించిన వార్తలు ప్రతి శీతకాలమునను పత్రికలలో వచ్చుచున్నవి. పొగ కనీసము దగ్గించి మనలను హెచ్చరించును. నివురుగప్పిన నిప్పు ఏమియు చెప్పదు.

ఇది మంచుదేశముల ముచ్చట మాత్రమే కాదు. మన తెలుగువారి ఇండ్లలో బాలింతగదిలో కుంపటి పెట్టు ఆచారము గలదు. చలిగాలి తగులరాదని తలుపులు, కిటికీలు మూయుటయు గలదు. తల్లిబిడ్డల మేలుకోరి చేయు పని వారికి కీడు తేరాదు. గది వెచ్చచేయవలసివచ్చినచో కుంపటిని ఆరుబయట బాగుగ రాజనిచ్చి, కొంతసేపు గదిలో నుంచి, ఆ సేపు కిటికీ తెఱచియుంచి, నిద్రించుటకు ముందు తప్పక బయట పెట్టవలెను. అన్నిటికంటె ఉత్తమము ఇంకొక దుప్పటి. కుంపటి యున్న గదిలో ఎవరికైన తలనొప్పియో వికారమో కలిగినచో కారణము వెదకుచు కూర్చుండక, ముందు వారిని బయటి గాలిలోనికి తీసికొనిపోయి, వైద్యుని పిలువవలెను. పొగగొట్టము గల ఇండ్లలోనైతే ఏటికొకసారి గొట్టమును శుభ్రపఱచవలెను. సగము కాలిన పొగ దాని లోపల తారువలె పేరుకొని, ఒకనాడు తానే అంటుకొనును; దారిని మూసి విషవాయువును గదిలోనికే మఱలించుటయు గలదు.

ఉదకమండలపు ముసలివానికి హీమోగ్లోబిన్ పేరు తెలియకపోవచ్చును. కాని నిప్పునకు పొగగొట్టమున్న గూడే తగిన చోటని అతనికి తెలియును. ఆ రాత్రి పదిమందిమి ఆ గదిలో పడుకొంటిమి, పదిమందిమియు లేచితిమి. ఈ సంచికయొక్క ప్రతి నొకదానిని బంగళా చిరునామాకు పంపుచున్నాము. అతనికి తెలుగు చదువరాదు గనుక, మాలో తమిళము చక్కగా వ్రాయగలవాడొకడు ఒక జాబు కూడ జతచేసియున్నాడు. అందులో ముఖ్యముగా వ్రాసినది ఒక్క మాటయే: "తాతా, ఆ రాత్రి నిన్ను తిట్టుకొన్నందుకు మమ్ము మన్నింపుము."