అప్‌గ్రేడ్ తర్వాత అక్షరాలు లావెక్కాయా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో మీలో చాలామంది ల్యాప్‌టాప్‌ను విండోస్ 11కు మార్చుకుని ఉంటారు. మార్చాక కొందరికి కొత్త చిక్కు వచ్చిపడుతుంది. ఐకాన్లు బాగా పెద్దవైపోతాయి. అక్షరాలు మసకబారతాయి. ఆన్‌లైన్ పరీక్ష రాద్దామంటే ప్రశ్న సగమే కనిపిస్తుంది. స్క్రీన్ పోయిందనుకుని కంగారుగా రిపేరు షాపుకు పరిగెత్తకండి. చాలాసార్లు లోపం తెరలో ఉండదు, డ్రైవర్‌లో ఉంటుంది.

అసలేం జరుగుతుంది?

తెర మీద బొమ్మ తెప్పించేది గ్రాఫిక్స్ చిప్. ఆ చిప్‌కూ విండోస్‌కూ మధ్య దుబాసీ లాంటిది డ్రైవర్. కొత్త విండోస్‌తో పాత డ్రైవర్‌కు పొసగకపోతే ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అనే తాత్కాలిక డ్రైవర్ ఆ పని అందుకుంటుంది. దానికి వచ్చింది కొద్దిపాటి పనే. అందుకే 1920×1080 తెర కూడా 1024×768 దగ్గర ఆగిపోవచ్చు.

ఈ వరుసలో చూడండి

* డెస్క్‌టాప్‌పై రైట్ క్లిక్ చేసి ‘డిస్‌ప్లే సెట్టింగ్స్’ తెరవండి. రిజల్యూషన్ దగ్గర ‘రికమెండెడ్’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. అక్షరాలు స్పష్టంగానే ఉండి, సైజు మాత్రమే పెద్దదైతే ‘స్కేల్’ శాతం తగ్గిస్తే సరి.

* రిజల్యూషన్ మార్చనివ్వడం లేదా? స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్‌లోకి వెళ్లండి. ‘డిస్‌ప్లే అడాప్టర్స్’ కింద ‘బేసిక్’ పేరు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

* సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ వరుసగా తెరవండి. అక్కడ డిస్‌ప్లే డ్రైవర్ ఉంటే ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయండి.

* అక్కడా లేకపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ వెతకండి. విండోస్ 11 డ్రైవర్ లేకపోయినా, 64 బిట్ విండోస్ 10 డ్రైవర్ చాలాసార్లు పనిచేస్తుంది.

* చిప్ ఏ కంపెనీదో తెలియదా? ఆ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ‘డీటెయిల్స్’ ట్యాబ్ తెరిచి, ‘హార్డ్‌వేర్ ఐడీస్’ చూడండి. మొదట్లో 8086 ఉంటే ఇంటెల్, 1002 అయితే ఏఎండీ, 10డీఈ అయితే ఎన్విడియా.

* చిప్ పేరు సరిగానే ఉండి, డ్రైవర్ అప్‌డేట్ తర్వాతే తేడా వచ్చిందా? ప్రాపర్టీస్‌లోని ‘రోల్ బ్యాక్ డ్రైవర్’తో పాతదానికి తిరిగి వెళ్లండి.

ఇవి గుర్తుంచుకోండి

‘ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ’ అంటూ ఊరించే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు. అవి అక్కర్లేని ప్రోగ్రాములను వెంట తెచ్చే ప్రమాదం ఉంది. ఏం చేసినా కుదరకపోతే, మామూలుగా అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల్లోపు రికవరీలోని ‘గో బ్యాక్’తో పాత విండోస్‌కు వెళ్లే వీలుంది. ముందుగా రెజ్యూమె, సర్టిఫికెట్ల కాపీలను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఆన్‌లైన్ పరీక్షో ఇంటర్వ్యూనో దగ్గర్లో ఉంటే, ఈ పెద్ద అప్‌గ్రేడ్ అది అయ్యాకే పెట్టుకోండి.

ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది

డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్లేవారిని ఇలాంటి సమస్య చెప్పి ‘ఏం చేస్తావ్?’ అని అడగొచ్చు. ‘విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తా సార్’ అనేస్తే మార్కులు పోయినట్టే. ముందు సెట్టింగ్స్, తర్వాత డివైస్ మేనేజర్, ఆపై సరైన డ్రైవర్, చివరికి వెనక్కి మళ్లడం అని వరుసగా చెప్పండి. ఒక్కో మెట్టు దగ్గర ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో కూడా కలపండి. మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడే డివైస్ మేనేజర్ తెరిచి చిప్ పేరు చూసుకోండి. అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.