బాధ్యత దిగిన పెద్దను ఏమని పిలువవలెను?

గోదావరిపై పోచంపాడు ఆనకట్ట వెలసిన సీమలోను, నిజాంసాగరు కాలువల క్రింద చెఱకు పండించి బోధను చక్కెర కర్మాగారమును పోషించిన పల్లెలలోను, అధికారము పోయినను పిలుపు పోకుండుట చిరపరిచితమైన విషయము. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము పటేలు, పట్వారీ పదవులను తొలగించినను, ఆ యిండ్ల పెద్దలను నేటికిని ‘పటేలా’ యని పలుకరించువారు ఊరూర కలరు. పదవీకాలము తీరిన సర్పంచును ‘సర్పంచు సాబు’ అనుటయు మన మర్యాదయే. అయితే ఈ మర్యాద దేవుని మందిరములో అడుగిడినప్పుడు, గౌరవము మనిషిదా, అతడు మోసిన భారముదా యను ప్రశ్న తప్పక యెదురగును.

నిజామాబాదు ప్రాంతపు క్రైస్తవులలో అనేకులు చెందిన దక్షిణ ఇండియా సంఘపు మెదక్ అధ్యక్ష మండలములో బిషప్పు అభిషేకము జీవితాంతము నిలుచునది. విశ్రాంతి తీసికొన్నను ఆయన బిషప్పే. 2013లో పదవీత్యాగము చేసిన పోపు పదునాఱవ బెనెడిక్టు సైతము ‘విశ్రాంత పోపు’ అను గౌరవనామముతోనే కడవఱకు జీవించిరి. వీరి మార్గమునకు భిన్నమైనది మార్మనులని లోకము పిలుచు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘపు మార్గము.

1830లో అమెరికాలో పుట్టిన ఈ సంఘము తెలుగునాట వేరూనినది 1978లో. సమోవా దీవులలో ఈ మతమును స్వీకరించిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు ఆ సంవత్సరము డిసెంబరులో హైదరాబాదు రాగా, వారి బంధువులు 22 మంది బాప్తిస్మము పొందిరి. 2012 మే 27న భారతదేశమున మొదటి ‘స్టేకు’, అనగా కొన్ని స్థానిక సంఘముల కూటమి, హైదరాబాదులోనే ఏర్పడెను. గూడె ప్రసాదరావు దానికి తొలి అధ్యక్షులైరి.

ఈ సంఘములో దైవశాస్త్ర కళాశాలలో చదివి, జీతము తీసికొని, జీవితాంతము పౌరోహిత్యము నెఱపు వర్గము స్థానికముగా లేదు. ఉద్యోగియో వ్యాపారియో అయిన సామాన్య సభ్యుడే పిలుపు నందుకొని ఇంచుమించు 5 సంవత్సరములు బిషప్పుగాను, అనగా ఒక స్థానిక సంఘపు పెద్దగాను, మఱియొకడు 9 సంవత్సరముల వఱకు స్టేకు అధ్యక్షుడుగాను, వేతనము లేక సేవించును. గడువు తీరినంతట సభలో అతని విడుదలను ప్రకటింతురు; సభ్యులు కుడిచేయి యెత్తి కృతజ్ఞత తెలుపుదురు; అట్లే చేయి యెత్తి క్రొత్తవానిని ఆమోదింతురు. నిన్నటి బిషప్పు మఱుసటి ఆదివారము పిల్లలకు పాఠము చెప్పవచ్చును.

పిలుపుల విషయమున ఇచట ఒక సూక్ష్మభేదము కలదు. ‘అధ్యక్షుడు’ అనునది అప్పగింపబడిన పనికి చెందిన పేరగుటచే పనితో కూడ ముగియును. సువార్త ప్రచారమునకు వెళ్లిన యువకుని ‘ఎల్డరు’ అందురు. ఇల్లు చేరినంతట అతడు మరల ‘సహోదరుడు’. బిషప్పు మాత్రము యాజకత్వములో ఆ స్థానమునకు నియమింపబడినవాడు. విడుదలయైనను ఆ నియామకము చెఱగదు గనుక, ఆదరముతో ‘బిషప్పు’ అని పిలుచువారుందురు.

పనితోపాటు పేరు ముగియుట సంఘపు అగ్రపీఠమునందును ధర్మమే. సంఘాధ్యక్షుడు గతించినంతట ఆయన సలహాదారుల పదవులును ముగియును. అట్టి సలహాదారుగా పదేండ్లు ‘ప్రెసిడెంటు’ అని పిలువబడిన డైటర్ ఉక్డార్ఫ్ 2018 జనవరిలో మరల ‘ఎల్డరు’ ఉక్డార్ఫ్‌గా సంఘపు పన్నిద్దరు అపొస్తలుల నడుమ కూర్చుండిరి. 1934 మొదలు ప్రథమ సలహాదారుగా నుండిన జె. రూబెన్ క్లార్కు 1951లో ద్వితీయ స్థానమునకు మార్పబడగా, దేవుని సేవలో ఎచట నిలిచితిమన్నది కాక ఎట్లు చేసితిమన్నదే ముఖ్యమని సభాముఖమున చెప్పి, క్రొత్త స్థానమును స్వీకరించిరి.

పిలుపులో నేమున్నదని కొందఱనవచ్చును. బిషప్పు పేదలకు సాయము పంచువాడు, తప్పొప్పుకొనువారి మాట ఆలకించువాడు. పాతవానికే ఆ పేరు నిలిచినచో, జనులు అలవాటు చొప్పున అతని గడపయే త్రొక్కుదురు, క్రొత్తవాని మాట చెల్లదు. బంధుత్వములు దట్టముగా అల్లుకొన్న మన సమాజమున ఈ ప్రమాదము మఱింత హెచ్చు. ఒకటి మాత్రము విడుదలతో ముగియదు: తాను విన్న రహస్యములను కాపాడు బాధ్యత. బిరుదు విడిచియు ఆ బాధ్యతను విడువనివాడే నిజముగా పూజ్యుడు.

కావున మాజీ బిషప్పును ప్రేమతో ఒకరు ‘బిషప్పు’ అనిన తప్పు పట్టనక్కఱలేదు. ఆ పిలుపును కోరుకొనుట మాత్రము అతనికి తగదు. నేడు నాయకుడైనవాడు రేపు నలుగురిలో నొకడై కూర్చుండగల సంఘములో, పదవి కొఱకు పెనుగులాట తగ్గును, క్రొత్తవారికి చోటు దొరకును. సహోదరుడని పిలిపించుకొనుట దిగుడు కాదు. అందఱికిని మొదటినుండియు ఉన్న స్థానము అదియే.