డిగ్రీ లేదా? మొదటి నెల జీతం చూడకండి, ఐదో ఏడు చూడండి!

ఈ రోజు వీడియో పదో తరగతి దగ్గరో, ఇంటర్ దగ్గరో చదువు ఆగిపోయినవాళ్ల కోసం. "అన్నా, నాకు ఇరవై ఆరేళ్లు. డిగ్రీ లేదు. ఇక నా లైఫ్ ఇంతేనా?" ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది, బయటికి అడగరు. ఇంతే కాదు. కానీ పనిని చూసే పద్ధతి మార్చుకోవాలి.

మనం ఏం చేస్తాం? "నెలకి ఎంతిస్తారు?" అని అడుగుతాం. ఎవరు ఎక్కువ చెప్తే అక్కడికి వెళ్తాం. దానితో పాటు ఇంకో ప్రశ్న అడగాలి: "ఇదే పని ఐదేళ్లు చేస్తే నా రేటు పెరుగుతుందా?"

ఒక లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణకి వేసుకున్న అంకెలే, మీ అంకెలు మీరు వేసుకోండి. డెలివరీ పనిలో నెలకి 24,000 వచ్చాయి అనుకుందాం. పెట్రోల్ రోజుకి 200 చొప్పున 26 రోజులకి 5,200. బండి ఈఎంఐ 3,000. సర్వీసింగ్, టైర్లు, రీచార్జ్ కలిపి 1,800. మొత్తం 10,000 పోయింది. చేతిలో మిగిలింది 14,000. జ్వరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఆ నాలుగు రోజులూ సున్నా. డెలివరీ తప్పు పని అనట్లేదు, ఇల్లు గడుస్తుంది. కానీ ఐదేళ్ల అనుభవం ఉన్నవాడికీ, నిన్న చేరినవాడికీ ఆర్డర్ మీద వచ్చే డబ్బులో పెద్ద తేడా ఉండదు. అసలు సమస్య అదే.

ఇప్పుడు ఎలక్ట్రీషియన్‌ని చూడండి. మొదట హెల్పర్‌గా చేరతాడు, డెలివరీ కన్నా తక్కువే రావచ్చు. పని వచ్చాక తనే పాయింట్‌కి ఇంత అని రేటు మాట్లాడుకుంటాడు. ఆ తర్వాత ఇల్లు మొత్తం కాంట్రాక్ట్ తీసుకుని ఇద్దర్ని పెట్టుకుంటాడు. ఏసీ మెకానిక్, వెల్డర్, ప్లంబర్, టైల్స్ మేస్త్రి అందరిదీ ఇదే దారి. చేతిలో పని పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది.

సరే, నేర్చుకోవడం ఎక్కడ? మొదటిది ఐటీఐ. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, ఐటీఐలో చేరడానికి కనీస వయసు 14, గరిష్ఠ వయసు అనేది లేదు. అంటే ముప్పై ఏళ్లకీ చేరొచ్చు. వెల్డర్ కోర్సు ఒక్క ఏడాది, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వీటికి పదో తరగతి కావాలి. టెన్త్ ఫెయిలై ఆగిపోయారా? తెలంగాణలో, ఆంధ్రలో రెండు చోట్లా ఓపెన్ స్కూల్ ఉంది. పని చేసుకుంటూనే రాసుకోవచ్చు.

రెండోది అప్రెంటిస్‌షిప్. దీనికి 1961 నుంచే చట్టం ఉంది. కంపెనీలో పని నేర్చుకుంటారు, నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. దక్షిణ మధ్య రైల్వే, విశాఖ నేవల్ డాక్‌యార్డ్ లాంటి చోట్ల ఐటీఐ వాళ్లని అప్రెంటిస్‌లుగా తీసుకుంటారు. పర్మనెంట్ జాబ్ గ్యారెంటీ అని మాత్రం అనుకోవద్దు. చేతికి పని, సర్టిఫికెట్ వస్తాయి.

మరి గవర్నమెంట్ జాబ్? రైల్వే గ్రూప్-డికి టెన్త్ మీద అప్లై చేయొచ్చు. ఏడో పే కమిషన్ ప్రకారం మొదటి బేసిక్ 18,000, అలవెన్సులు అదనం. అసిస్టెంట్ లోకో పైలట్‌కి టెన్త్‌తో పాటు ఐటీఐ ఉన్నా అర్హతే. కానీ పోటీ లక్షల్లో ఉంటుంది. రాయండి, కానీ దాని కోసమే ఇంట్లో కూర్చుని నాలుగేళ్లు పోగొట్టుకోకండి. పని చేసుకుంటూ రాయండి.

ఇంకో మాట, చాలా ఇంపార్టెంట్. "రెండు లక్షలు కట్టు, రైల్వేలో పెట్టిస్తా" అనేవాడు కనిపిస్తే ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి మోసపోయిన ఇళ్లు మన చుట్టూనే ఉన్నాయి.

"ఇంటికి డబ్బు పంపాలన్నా, రెండేళ్లు ఎలా ఆగను?" అంటారా? ఉన్న పని మానేయమనట్లేదు. వారంలో మీకు దొరికే ఒక్క సెలవు రోజు తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్లండి. టూల్స్ పట్టుకోవడం నేర్చుకోండి. ఆరు నెలల్లో ఆ పని మీకు పడుతుందో లేదో అర్థమైపోతుంది. అప్పుడు ఐటీఐ గురించి ఆలోచించండి.

ఈ రాత్రి ఒక పేపర్ తీసుకుని పైన చెప్పిన లెక్క మీ పనికి వేయండి. ఖర్చులు పోను ఎంత మిగులుతుంది, ఐదేళ్ల తర్వాత ఎంత మిగులుతుంది? రెండూ ఒకటే అంకె వస్తే, ఇంకో పని నేర్చుకోవడం రేపే మొదలుపెట్టాలి. చదువు ఆగిపోయిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.